ముల్లంగి, బీట్‌రూట్‌లలో నైట్రేట్: యూరియా బస్తా నుంచి బోరు నీటి దాకా

బెంగళూరు మార్కెట్లకు ముల్లంగి, బీట్‌రూట్ పండించి పంపేవాళ్లలో కోలారు, చిక్కబళ్లాపురం తెలుగు రైతులు చాలామంది. ఈ దుంపల్లో నైట్రేట్ (మొక్క మట్టి నుంచి పీల్చుకునే నత్రజని రూపం) పేరుకోవడం మీద చర్చ మాత్రం నీళ్ల దగ్గర మొదలైంది. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు, నైట్రేట్ ఎక్కువున్న బావి నీళ్లతో కలిపిన పాలు తాగిన పసిపిల్లల ఒళ్లు నీలంగా మారుతోందని రాశాడు. తర్వాత చూపు కూరగాయల మీదికి మళ్లింది. 1997లో యూరప్ లెట్యూస్, పాలకూరలకు పరిమితులు పెట్టింది. దుంపల జోలికి పోలేదు.

మన దగ్గర ఇది ధరతో ముడిపడ్డ వ్యవహారం. 2010 ఏప్రిల్‌లో వచ్చిన పోషకాల ఆధారిత సబ్సిడీలో (ఎరువులోని పోషకాల బరువును బట్టి ఇచ్చేది) యూరియాను చేర్చలేదు, దాని ధర ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. డీఏపీ, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా చవగ్గానే ఉండిపోయింది. ఇక రైతు చెయ్యి ఎటు పోతుంది? 2018లో బస్తాను 50 నుంచి 45 కిలోలకు కుదించినా, అందులో 20.7 కిలోల నత్రజని ఉంటుంది.

మట్టిలో యూరియా కొద్ది రోజుల్లో అమ్మోనియంగా, ఒకటి రెండు వారాల్లో నైట్రేట్‌గా మారుతుంది. వేరు పీల్చిన నైట్రేట్ మాంసకృత్తులుగా మారాలంటే నైట్రేట్ రిడక్టేజ్ ఎంజైము పనిచేయాలి. దానికి ఎండ కావాలి, కాస్త మాలిబ్డినం కావాలి. మబ్బు పట్టిన వారాల్లో వేరు పీల్చడం ఆపదు, మార్పిడి మాత్రం మందగిస్తుంది. మిగిలినదంతా కణాల్లో నిల్వ పడుతుంది. ముల్లంగి 40-45 రోజుల పంట. గడ్డ ఊరాలని 30వ రోజున చల్లిన యూరియా గడ్డలో నైట్రేట్‌గా ఉండగానే పీకేస్తారు. బీట్‌రూట్ పాలకూర కుటుంబానిది, కిలోకు 1,000-3,000 మి.గ్రా. మామూలే. క్యారెట్‌లో సాధారణంగా కొన్ని వందలే.

లెక్కలోకి రానిది నీరు. తాగునీటికి పరిమితి లీటరుకు 45 మి.గ్రా. నైట్రేట్. అంత ఉన్న బోరు నీళ్లు ఎకరాకు అంగుళం లోతున, అంటే దాదాపు లక్ష లీటర్లు పెడితే కిలో నత్రజని వేసినట్టే. పది తడులకు సగం బస్తా యూరియా. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకంలో బెంగళూరు శుద్ధి చేసిన మురుగునీరు కోలారు చెరువులకు చేరుతోంది. ఆ నీటికి చేసే రెండో దశ శుద్ధితో నత్రజని పూర్తిగా పోదు. ఆ చెరువుల చుట్టుపక్కల బోరు నీటిని పరీక్ష చేయించకుండా యూరియా మోతాదు చెప్పడం గుడ్డి లెక్క.

నత్రజని సగం విత్తేటప్పుడు, మిగతా సగం పైపాటుగా ముల్లంగికి 15-20 రోజులకు, బీట్‌రూట్‌కు 30 రోజులకు వేస్తే చాలు. పీకడానికి మూడు వారాల ముందు నుంచి ఏమీ వేయకూడదు. కోళ్ల ఎరువు దండిగా వేసిన మడిలో పైపాటు అసలు అక్కర్లేకపోవచ్చు. సేంద్రియ ఎరువైతే నైట్రేట్ రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. పగటి ఎండకు కొంత మార్పిడి జరిగి ఉంటుంది కాబట్టి, మార్కెట్ బండి వేళకు కుదిరితే పొద్దున కాకుండా సాయంత్రం పీకాలి.

తినేవాళ్ల సంగతి: ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల (ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ) ఉమ్మడి నిపుణుల సంఘం రోజుకు కిలో శరీర బరువుకు 3.7 మి.గ్రా. నైట్రేట్ దాకా సమ్మతించింది. 60 కిలోల మనిషికి 222 మి.గ్రా., కిలోకు 1,500 మి.గ్రా. ఉన్న బీట్‌రూట్ 150 గ్రాముల్లో అది వచ్చేస్తుంది. అయితే కూరగాయల మేలు దృష్ట్యా ఈ హద్దును వాటికి నేరుగా వర్తింపజేయడం సరికాదని ఆ సంఘమే చెప్పింది. ఆరు నెలల లోపు పిల్లలకు మాత్రం బీట్‌రూట్ గుజ్జు వద్దు. ఉడికించిన నీళ్లు పారబోస్తే నైట్రేట్ కొంత పోతుంది. ఉడికిన గుజ్జును గంటల తరబడి బయట ఉంచితే బ్యాక్టీరియా మిగిలినదాన్ని నైట్రైట్‌గా మార్చేస్తుంది; రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడి పసిపిల్లల ఒళ్లు నీలంగా మార్చేది అదే.