రోట్లో పడ్డాక ఉప్పు వెనక్కి తీయగలమా?

"బయాస్ అప్‌డేట్ చేశాక ల్యాప్‌టాప్ నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. వైరస్ పట్టిందా?" అని ఒక పాఠకుడి ప్రశ్న.

వైరస్ కాదండీ. ఆ కీ అడిగేది విండోస్ డిస్క్‌కు వేసే బిట్‌లాకర్ అనే తాళం. దాని తాళంచెవి దాచుకుని మదర్‌బోర్డు మీదో, ప్రాసెసర్ లోపలో ఉండే టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ తన పని తాను చేసింది. 2021లో విండోస్ 11 వస్తూ టీపీఎం 2.0 ఉండాల్సిందేనన్నప్పుడు అందరి నోళ్లలో నానిన పేరే ఇది. ఎన్‌క్రిప్షన్ పాఠం జోలికి పోను. నాకు ముచ్చటేసేవి అందులోని పీసీఆర్ రిజిస్టర్లు, అంటే బూట్ కొలతలు దాచే చిన్న గదులు.

మామూలు పీసీలో ఇవి 24. సున్నా నుంచి 23 దాకా. వీటిలో మనకు నచ్చిన విలువ రాసే కమాండే లేదు! ఉన్నదల్లా ఎక్స్‌టెండ్: లోపలున్న పాత విలువకు కొత్త కొలతను (నడవబోయే కోడ్ వేలిముద్రను) తగిలించి, రెంటినీ కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (అలాంటి వేలిముద్ర సంఖ్యే) తీసి, వచ్చిన 32 బైట్లను మళ్లీ అక్కడే పెడుతుంది.

అచ్చం రోటి పచ్చడే. ముందు మిరపకాయలు, ఉప్పు నూరి, ఆ మీద టమాటా వేసి, చివర్లో ఉల్లిపాయ పైపైన దంచుతాం. వరస మారితే రుచి మారుతుంది. ఉప్పు ఎక్కువైతే ఏరి పారేయలేం. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ (అదే బయాస్), విండోస్‌ను లేపే బూట్‌లోడర్, ఒక్కొక్కటీ తన తర్వాతి దానికి పగ్గాలు ఇచ్చే ముందే దాన్ని కొలిచి రోట్లో వేస్తుంది. కాబట్టి దొంగ బూట్‌లోడర్ దూరినా, అది నిద్రలేచేసరికే దాని కొలత పచ్చడిలో నలిగిపోయి ఉంటుంది. ఇక దాచుకోలేదు. చిప్‌కు పచ్చడి మంచిదా చెడ్డదా అన్నది అనవసరం. తాళంచెవిని దాచి సీల్ చేసిన రోజు రుచే వచ్చిందా? వస్తే డిస్క్ తాళంచెవి ఇస్తుంది, లేదంటే లేదు.

లినక్స్‌లో టీపీఎం2-టూల్స్ వేసుకుంటే దీన్ని కళ్లారా చూడొచ్చు. 16వ రిజిస్టర్ ప్రయోగాల కోసం వదిలేసింది. టీపీఎం2_పీసీఆర్‌రీడ్‌తో చదివితే మొదట 64 సున్నాలు (ఒక్కో బైట్‌కు రెండు అంకెలు). టీపీఎం2_పీసీఆర్‌ఎక్స్‌టెండ్‌తో ఏదో ఒక హ్యాష్ ఇస్తే సున్నాలన్నీ మాయం. అదే హ్యాష్ రెండోసారి ఇస్తే ఇంకో కొత్త సంఖ్య. టీపీఎం2_పీసీఆర్‌రీసెట్ 16 అంటే రోలు కడిగేసినట్టే. అదే రీసెట్‌ను సున్నా మీద వాడి చూడండి, చిప్ ససేమిరా అంటుంది. దాన్ని కడగాలంటే మెషీన్ రీబూట్ కావలసిందే.

విండోస్‌లో మీ డిస్క్ ఏ రిజిస్టర్లకు ముడిపడిందో మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -గెట్ సీ: చెబుతుంది. 7, 11 కనిపిస్తే సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) సెట్టింగుల్లోనో, దాని తాళాల్లోనో ఏదో కదిలి ఉంటుంది. 0, 2, 4, 11 అయితే ఫర్మ్‌వేర్ కోడ్ మారడమే చాలు.

ఇలాంటప్పుడు "క్లియర్-టీపీఎం కొట్టెయ్, అంతా సర్దుకుంటుంది" అనే సలహా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. దసరాకి సీపీయూకి కుంకుమ బొట్టు పెడితే పోయేదేం లేదు గానీ, చిప్‌ను తుడిచేసే ఈ మంత్రంతో మాత్రం చిప్ దాచిన తాళంచెవి శాశ్వతంగా పోతుంది. అప్పుడు ఆ 48 అంకెలే గతి.

అవి చాలామందికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటాయి, ముందు అక్కడ వెతకండి. ఈసారి అప్‌డేట్‌కు ముందు అడ్మిన్ పవర్‌షెల్‌లో సస్పెండ్-బిట్‌లాకర్ కొట్టి, -రీబూట్‌కౌంట్ 2 అని ఇవ్వండి. మామూలుగా అది 1 అనుకుంటుంది, కొన్ని బయాస్ అప్‌డేట్‌లేమో రెండుసార్లు రీబూట్ అవుతాయి.