ఆడబిడ్డ వాటాకు అడ్డం పడ్డ సెక్షన్

దేవరకొండ తండాల్లో పట్టాదారు పాసుపుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, ట్రంకు పెట్టె అడుగున బట్టల కింద దాస్తారు. తెరిస్తే కనిపించే ఫొటో ఎక్కువగా మగమనిషిదే. ఆ చెలకలో కలుపు తీసేది, పత్తి ఏరేది మాత్రం ఆడవాళ్లు. అడిగితే ‘ఆడపిల్లకు భూమి ఇచ్చుడు మా ఆచారంల లేదు’ అంటారు పెద్దమనుషులు. ఆ ఆచారానికి ఇన్నాళ్లూ కాపలా కాసింది ఢిల్లీలో రాసిన చట్టం.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. గిరిజనుల కట్టుబాట్లలో వేలు పెట్టకూడదని అలా రాశారు. తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో. రిజర్వేషన్ వచ్చింది, మంచిదే. కానీ చట్టం అక్షరం ప్రకారం చూస్తే, అదే దెబ్బకు వాళ్ల ఆడబిడ్డలు వారసత్వ చట్టం బయట పడ్డారు. ఈ ముక్క అప్పుడు తండాలో ఎవరైనా చెప్పారా అన్నది నా అనుమానం. ఆ తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. పక్క ఊరి రైతు కూతురికి వాటా దక్కింది, తండా కూతురికి లేదు. 2005 కేంద్ర సవరణా ఆ గీత చెరపలేదు.

నల్లమల సంగతి వేరు. చెంచుల పెంటల్లో, అంటే వాళ్ల చిన్న గూడేల్లో, ఒకప్పుడు భూమికి ఎకరాల లెక్కే లేదు. గడ్డలు తవ్వుకుని, ఇప్పపువ్వు ఏరుకుని బతికారు. 1940లో అమ్రాబాద్ అడవికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, చెంచు ఆలుమగలవి సమాన హక్కులని రాశాడు. మరి గిరిజన ఆచారం అనగానే ఆడవాళ్లకు భూమి లేదనే అర్థం ఎందుకు తీస్తారో!

2006 అటవీ హక్కుల చట్టం పెళ్లయినవాళ్లకు ఇద్దరి పేరా పట్టా ఇమ్మంది. దాని నిబంధనల ప్రకారం గ్రామసభకు వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. అంటే అడవి పట్టాకు ఆమె పేరు తప్పనిసరి, తాతల నాటి చెలకకు మాత్రం ఆమె ఎవరో!

2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు చేయలేనప్పుడు వాళ్లకూ సమాన వాటా ఉంటుందని తీర్పిచ్చింది. సెక్షన్ 2(2) మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. అన్నదమ్ములు ఒప్పుకోకపోతే, దేవరకొండ ఆడబిడ్డ వాళ్ల మీదే దావా వేయాలి.