అంబాసిడర్ కారు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆ రోజుల్లో అన్నీ చవక, కాబట్టి కారు పోషించడమూ తేలికే.

వాస్తవం: చవకగా దొరికింది బియ్యం, కారు కాదు. 1983లో మన రాష్ట్రంలో పేదలకు కిలో 2 రూపాయల బియ్యం మొదలైంది. ఆ డిసెంబరులోనే మారుతి 800 వచ్చింది, ధర సుమారు 47,500 రూపాయలు. ఆ సొమ్ముకు 23,750 కిలోల రేషన్ బియ్యం వస్తాయి. నెలకు 25 కిలోలు వండుకునే ఇంటికి 79 ఏళ్ల తిండి అది! అంబాసిడర్ వెల అంతకన్నా ఎక్కువ ఉండేది, పైగా బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. పెట్రోలు బండి లీటరుకు పది కిలోమీటర్లు దాటితే గొప్పే. కోనసీమలో కొబ్బరితోటలున్న ఆసాములు కూడా కారును షెడ్డులో ఉంచి బస్సెక్కేవారంటే అది పిసినారితనం కాదు.

అపోహ: దానికి లారీకి ఉన్నట్టు ఛాసిస్ (అడుగున బరువు మోసే ఇనుప చట్రం) ఉంటుంది, ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు.

వాస్తవం: మా మెకానిక్ షెడ్డులో ఎక్కువగా వినే మాట ఇదే, జనాన్ని ఎక్కువగా ముంచిందీ ఇదే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఈ కారుకు విడి ఛాసిస్ లేదు. ఫ్లోరు, తలుపుల కింది పట్టీలు, బాడీ అన్నీ కలిసే బరువు మోస్తాయి. అవి తుప్పు పడితే బండి నడుమే విరిగినట్టు. డెల్టాలో గాలి తేమ, సముద్రం పక్కన ఉప్పు. నరసాపురం - సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద తరచూ దాటే బండ్లను అడుగు నుంచి చూడాలి. కాలువలోకి దింపి కడిగితే మంచిదనుకుంటారు కానీ, పట్టీల్లో చేరిన బురద వారాల తరబడి ఆరదు.

కొనేముందు రబ్బరు మ్యాట్ ఎత్తి, ఫ్లోరును స్క్రూడ్రైవరుతో గట్టిగా నొక్కండి. పట్టీల మీద అయస్కాంతం పెట్టండి, నిలవకపోతే అక్కడ ఉన్నది రేకు కాదు, పుట్టీ. తర్వాత ఒక పక్క జాకీ ఎత్తి తలుపు తీసి వేయండి. బిగుసుకుంటే బేరం ఆపేయండి, పెయింటు ఎంత మెరిసినా సరే.

అపోహ: ఎండలో ఆగిపోతే ఇంజన్ పని అయిపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు పంపులో పెట్రోలు ఆవిరై ఉంటుంది. బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగండి. డీజిల్ బండికి ఈ బాధ లేదు, దాని బాధల్లా చప్పుడే.