బైట్‌కోడ్‌లో ఆపరాండ్లు: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో మాదొక చిన్న టీం. మిర్చి కమీషన్ వ్యాపారులు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. దాని లోపల లెక్కల కోసం ఒక స్క్రిప్టింగ్ భాష ఉంది, దాని ఇంటర్‌ప్రెటర్ నేనే రాశాను. స్క్రిప్టును ముందు కంపైలర్ బైట్‌కోడ్‌గా, అంటే చిన్న చిన్న ఆదేశాల వరుసగా మారుస్తుంది; వాటిని వీఎం (వర్చువల్ మెషీన్) నడుపుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు ఆప్‌కోడ్, అంటే ఏం చేయాలో చెప్పే భాగం, ఇట్టే అర్థమవుతుంది. తడబడేదల్లా దాని పక్కనుండే ఆపరాండ్ దగ్గరే.

అపోహ: ఆపరాండ్ అంటే విలువ.

కాదు, అది ఒట్టి అంకె. ఆ అంకెకు అర్థం చెప్పేది ఆప్‌కోడ్. 5 అని ఉంటే అది లోకల్ వేరియబుల్ నంబరు కావచ్చు, కాన్‌స్టెంట్ల (స్క్రిప్టులో నేరుగా రాసిన విలువల) పట్టికలో స్థానం కావచ్చు, ఎంత దూరం దూకాలో కావచ్చు. "తేజ" అనే మిర్చి రకం పేరు, 18,500 అనే రేటు సాధారణంగా ఆ పట్టికలోనే ఉంటాయి. లువా అనే స్క్రిప్టింగ్ భాష 5.1 వెర్షన్‌లో అయితే కొన్ని ఆపరాండ్లకు 9 బిట్లుంటాయి. వాటిలో పై బిట్ 0 అయితే రిజిస్టర్ (లోకల్ వేరియబుల్స్ ఉండే గడి), 1 అయితే కాన్‌స్టెంట్.

అపోహ: ఒక బైట్ చాలు. 256 కాన్‌స్టెంట్లు దాటే స్క్రిప్ట్ ఎవరు రాస్తారు?

నేనూ అలాగే అనుకున్నాను. మనుషులు రాయకపోవచ్చు, ప్రోగ్రాములు రాస్తాయి. లాట్ల రేట్ల స్క్రిప్టును మా సాఫ్ట్‌వేరే తయారుచేసేది. తేజ, బాడిగ, 334, 341 అంటూ మిర్చి రకాలు చేరుతూ సీజన్లో అది రోజూ పెరిగింది. ఒక సాయంత్రం గుంటూరు నుంచి ఒక వ్యాపారి ఫోన్: "బాబూ, హమాలీ చోట తేజ రేటు పడుతోందేంటి?" క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. వెతికితే తేలింది: హమాలీ రేటు 257వ కాన్‌స్టెంట్, అంటే ఇండెక్స్ 256. దాన్ని నేను ఒక బైట్‌లోకి కుదించాను. సి భాష మారుమాట్లాడకుండా పై బిట్ కోసేసింది, మిగిలింది 0. పట్టికలో 0 దగ్గర ఉన్నది తేజ రేటు. పట్టీలు రైతుల చేతికి వెళ్లకముందే ఆయన చూశారు. లేకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుబులే.

దీనికి పైథాన్ పద్ధతి నాకు బాగా నచ్చింది. 2016లో వచ్చిన 3.6 నుంచి సీపైథాన్‌లో (పైథాన్ అసలు ఇంటర్‌ప్రెటర్) ఆప్‌కోడ్‌కు ఒక బైట్, ఆపరాండ్‌కు ఒక బైట్. 255 దాటితే ముందు ఎక్స్‌టెండెడ్_ఆర్గ్ వస్తుంది. 300 కావాలా? ఎక్స్‌టెండెడ్_ఆర్గ్ 1, ఆ వెంటనే లోడ్_కాన్‌స్ట్ 44. అంటే 1×256 + 44. ఇలాంటివి మూడు దాకా పెట్టి 32 బిట్ల వరకు వెళ్లొచ్చు. చిన్న అంకెలకు మాత్రం అదనపు బరువేమీ ఉండదు.

మేమూ ఇదే పెట్టుకున్నాం. అప్పుడు జంప్‌లు, అంటే కోడ్‌లో వేరే చోటికి దూకించే ఆదేశాలు, సతాయించాయి. మధ్యలో రెండు బైట్లు చేరితే దూకాల్సిన దూరం మారుతుంది. మారిన దూరానికే మళ్లీ ఎక్స్‌టెండెడ్_ఆర్గ్ కావాల్సి రావచ్చు. ఇక ఏదీ మారదని తేలేదాకా కంపైలర్ మళ్లీ మళ్లీ లెక్కగట్టాల్సిందే.

అపోహ: ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌లో ఆపరాండ్లు పెరిగితే కోడ్ ఉబ్బిపోతుంది.

మొత్తం = ధర + హమాలీ. మూడూ లోకల్ వేరియబుల్సే అనుకోండి. పైథాన్ 3.6లో రెండు లోడ్లు, ఒక కూడిక, ఒక స్టోర్: 8 బైట్లు. లువా 5.1లో మూడు ఆపరాండ్లున్న ఒకే ఒక్క కూడిక: 4 బైట్లు. ఫంక్షన్ కాల్ దగ్గర మాత్రం లువా ఆర్గ్యుమెంట్లను వరుస రిజిస్టర్లలోకి చేర్చాలి, అక్కడ ఈ లాభం కొంత తగ్గుతుంది.

అపోహ: హద్దు దాటిందో లేదో రన్‌టైమ్‌లో చూసుకుంటే సరిపోతుంది.

వీఎం చేతికి వచ్చేసరికి 256 అప్పటికే 0 అయిపోయి ఉంటుంది. 0 సరైన ఇండెక్సే కదా, వీఎం దాన్నెలా పట్టుకుంటుంది? చెక్ ఉండాల్సింది కంపైలర్‌లో, అంకెను బైట్‌లోకి కుదించే ఆ ఒక్క ఫంక్షన్‌లో. మా దగ్గర ఇప్పుడు 255, 256, 257 కాన్‌స్టెంట్లున్న మూడు స్క్రిప్టులు ప్రతి బిల్డ్‌లోనూ నడుస్తాయి. మూడో దాంట్లో చివరి కాన్‌స్టెంట్ హమాలీ రేటే.