అయాన్ చానెల్ రంధ్రం: అపోహలు - వాస్తవాలు

అపోహ: కణ పొరలో అయాన్లు దాటే ప్రోటీన్ దారే అయాన్ చానెల్; దాని రంధ్రం ఒక జల్లెడ, చిన్న అయాన్లు దూరిపోతాయి, పెద్దవి ఆగిపోతాయి.

వాస్తవం: అదే నిజమైతే పొటాషియం చానెల్‌లో సోడియమే ముందుగా దూరాలి, ఎందుకంటే సోడియం అయాన్ వ్యాసార్ధం 0.95 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొటాషియంది 1.33. నీటిలోని అయాన్‌ను నీటి అణువులు చుట్టుకొని ఉంటాయి. వాటిని విడిచి ఇరుకు దారిలోకి రావాలంటే వాటికి బదులుగా మరో ఆసరా దొరకాలి. శాస్త్రవేత్త రోడరిక్ మెకినన్ బృందం 1998లో వెలువరించిన, బ్యాక్టీరియాలోని పొటాషియం చానెల్ అయిన కెసిఎస్‌ఏ నిర్మాణంలో సుమారు 12 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవున వరుసగా నిలిచిన ఆక్సిజన్ పరమాణువులు పొటాషియంకు ఆ ఆసరా ఇస్తాయి, సోడియంకు మాత్రం అంత చక్కగా అమరవు. అది వోల్టేజ్‌తో తెరుచుకునే చానెల్ కాకపోయినా, ఈ ఇరుకు భాగపు అమైనో ఆమ్ల వరుస ఈ రెండు రకాల పొటాషియం చానెళ్లలోనూ దాదాపు ఒకటే.

అపోహ: చానెల్ ప్రోటీన్‌లో ఒక స్థానంలో పెట్టిన, అమైనో ఆమ్లాల్లో ఒకటైన సిస్టీన్‌కు రసాయనం అంటుకుని కరెంట్ తగ్గితే, ఆ స్థానం రంధ్రం గోడ మీద ఉన్నట్టే.

వాస్తవం: మా పనిలో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ఒక్కో అమైనో ఆమ్లాన్ని సిస్టీన్‌గా మార్చి, చానెళ్లున్న కణ పొర ముక్కకు లోపలివైపు నుంచి, సిస్టీన్‌కు అంటుకునే ఎంటీఎస్ రసాయనం పోసి, కరెంట్ గీత ఎంత వేగంగా కిందికి దిగుతుందో చూస్తాం. ఆ రసాయనం నీటిలో కలిపిన కొన్ని నిమిషాలకే శక్తి కోల్పోతుంది కాబట్టి, అప్పటికప్పుడు కలుపుకోకపోతే ప్రతిచర్య నెమ్మదిగా జరిగిందని పొరబడతాం. గీత దిగినా తొందరపడకూడదు, ఎందుకంటే రంధ్రానికి దూరంగా అంటుకున్న అణువు కూడా చానెల్ తెరుచుకునే తీరును మార్చి కరెంట్‌ను తగ్గించగలదు. అందుకే రంధ్రాన్ని మూసే మందును ముందుగా అక్కడ నిలిపి, అది ఆ సిస్టీన్‌ను కాపాడుతుందో లేదో పరీక్షిస్తాం. కాపాడితేనే నాకు నమ్మకం కుదురుతుంది. సిస్టీన్ పెట్టని చానెల్‌పై అదే రసాయనాన్ని ప్రయోగించి చూడటాన్ని ఏనాడూ మానకూడదు.

అపోహ: పరమాణు నిర్మాణం దొరికాక ఈ శ్రమంతా అనవసరం.

వాస్తవం: వోల్టేజ్‌తో తెరుచుకునే పొటాషియం చానెల్ అయిన కేవీ1.2 నిర్మాణం 2005లో వెలువడింది, అది అపురూపమైన సంపద. అయితే సాధారణంగా ఈ నిర్మాణాలను పొరకు రెండువైపులా వోల్టేజ్ తేడా లేని స్థితిలో తీస్తారు, కనుక విశ్రాంతిలో ఉన్న చానెల్ వాటిలో నేరుగా కనబడదు. షేకర్ అనే పండు ఈగ పొటాషియం చానెల్‌లో 474వ స్థానంలో పెట్టిన సిస్టీన్‌ను లోపలివైపు రసాయనం చానెల్ తెరిచి ఉన్నప్పుడు వేగంగా చేరుతుంది, మూసి ఉన్నప్పుడు దాదాపు చేరలేదు. ద్వారం కణం లోపలి కొస వైపున, ఆ స్థానానికి దిగువన ఉందని చెప్పగలిగింది ఈ తేడా వల్లనే.