పోర్ట్ ఆర్థర్ నుంచి: ఆస్ట్రేలియా తుపాకీ చట్టం, హత్యల లెక్క

అమెరికాలో పెద్ద ఎత్తున కాల్పులు జరిగినప్పుడల్లా ఆస్ట్రేలియా ప్రస్తావన వస్తుంది. దానికి మూలం ఆ దేశపు ద్వీప రాష్ట్రం టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్. ఒకప్పుడు ఖైదీలను ఉంచిన ఆ పాత చెరసాలను చూడటానికి జనం వచ్చే ఆదివారం నాడు, 1996 ఏప్రిల్ 28న, ఒకే వ్యక్తి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లతో (ఒక తూటా పేలగానే తర్వాతిది దానంతటదే ఎక్కే తుపాకులు) 35 మందిని చంపాడు.

జాన్ హోవార్డ్ ప్రధాని అయి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. అక్కడ తుపాకీ చట్టాలు చేసే అధికారం రాష్ట్రాలది, పైగా సంకీర్ణంలోని మిత్రపక్షానికి రైతుల ఓట్లే బలం. అయినా 12 రోజుల్లో, మే 10న, రాష్ట్రాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. జూన్‌లో సేల్ పట్టణంలో తుపాకీదారుల సభలో మాట్లాడిన హోవార్డ్ కోటు కింద తూటాలను ఆపే కవచం ఉబ్బెత్తుగా కనిపించింది. అది వేసుకోకుండా ఉండాల్సిందని ఆయనే తర్వాత అన్నారు.

ఆ ఒప్పందంతో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, ముందు పిడిని వెనక్కి లాగి తూటా ఎక్కించే పంప్ యాక్షన్ షాట్‌గన్లు సామాన్యులకు దాదాపు అందకుండా పోయాయి. లైసెన్సుకు తగిన కారణం చూపాలి. ఆత్మరక్షణ అన్నది కారణం కాదు. నా దృష్టిలో ఈ ఒప్పందానికి అసలు వెన్నెముక ఈ నిబంధనే. ఆరోగ్య బీమా పన్నును ఏడాదిపాటు 0.2 శాతం పెంచి, ఆ సొమ్ముతో సుమారు 6.5 లక్షల తుపాకులను ప్రభుత్వం కొని ధ్వంసం చేసింది.

మరి హత్యలు తగ్గాయా? తొంభైల మధ్యలో లక్ష జనాభాకు రెండుకు కాస్త తక్కువగా ఉన్న రేటు ఇటీవల ఒకటి దరిదాపులకు వచ్చింది. అయితే తుపాకీ మరణాలు 1996కు ముందే తగ్గుముఖం పట్టాయి. అలాంటి చట్టం లేని అమెరికాలోనూ 1991లో 9.8గా ఉన్న హత్యల రేటు 2000 నాటికి 5.5కు పడిపోయింది. అందుకే ఘనతంతా చట్టానికే కట్టబెట్టడం తొందరపాటు.

2021లో అమెరికాలో ఆ రేటు 7కు చేరువైంది, ప్రతి ఐదు హత్యల్లో నాలుగు తుపాకీతో జరిగినవే. ఆ నాలుగింటినీ తీసేసి, కత్తితోనో మరోలాగో జరిగిన ఐదో వంతునే లెక్కించినా అది ఆస్ట్రేలియా మొత్తం రేటును మించుతుంది. అంటే తేడాలో సింహభాగం తుపాకీదే అయినా, మొత్తం దానిదే కాదు. ఇళ్లలో తుపాకులు బాగానే ఉన్న స్విట్జర్లాండ్‌లో హత్యల రేటు ఒకటి లోపే ఉంటుంది.

హత్యల పట్టికల్లో కనిపించని సంగతి ఇంకొకటుంది. అమెరికా, ఆస్ట్రేలియా రెండింటిలోనూ తుపాకీ మరణాల్లో ఎక్కువ భాగం ఆత్మహత్యలు.