పాచిక వేసేదెవరు, ఫలితం చెప్పేదెవరు?

జోస్యానికి వాడే టారో కార్డులకూ, ప్రాచీన జర్మానిక్ లిపి అక్షరాలైన రూన్ గుర్తులకూ కృత్రిమ మేధ చేత ఫలితం చెప్పించుకోవచ్చా అన్న ప్రశ్నపై, క్రైస్తవానికి ముందటి ఐరోపా ఆచారాలను పునరుద్ధరించే పేగన్ సాధకుల మధ్య వాదం మళ్లీ చెలరేగింది. 1951లో బ్రిటన్ మంత్రవిద్య చట్టాన్ని రద్దు చేయడం, ఆ వెనుకే జెరాల్డ్ గార్డ్‌నర్ విక్కా అనే ఆధునిక పేగన్ మతాన్ని లోకానికి పరిచయం చేయడం అందరికీ తెలిసినవే. నేటి తగాదా వేర్లు 1990లలో ఉన్నాయి.

కంప్యూటర్ రంగంలో ఉంటూనే పేగన్ ఆచారాలు పాటించిన ఆనాటి సాధకులను 'టెక్నోపేగన్లు' అన్నారు. వెబ్‌లో త్రిమితీయ దృశ్యాలను చూపే వీఆర్ఎంఎల్ భాష రూపకర్తల్లో ఒకరైన మార్క్ పెస్సీ 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిపిన 'సైబర్‌సాంహైన్' (సాంహైన్ అనే పేగన్ పండుగ పేరు మీదిది) క్రతువులో నాలుగు దిక్కులకూ కంప్యూటర్లే నిలిచాయి. కార్డులు కలిపే పని కూడా ఆ దశాబ్దంలోనే చేతి నుంచి ప్రోగ్రాముకు జారింది. దానిపై వచ్చిన అభ్యంతరం గట్టిదే. 78 కార్డుల కట్టను పేర్చగల విధాల సంఖ్య 1 పక్కన 115 సున్నాలు పెట్టినా చాలనంత పెద్దది. 32 బిట్ల 'సీడ్' అనే ఆరంభ సంఖ్యతో మొదలయ్యే ప్రోగ్రాము మాత్రం అందులో దాదాపు 429 కోట్ల అమరికలకు మించి ఇవ్వలేదు, పైగా అవన్నీ లెక్క ప్రకారం ముందే నిర్ణయమైనవి. అణుధార్మిక క్షయం నుంచి సంఖ్యలు తీసే హాట్‌బిట్స్, వాతావరణంలోని రేడియో రొద నుంచి తీసే రాండమ్.ఆర్గ్ (1998) వంటి సేవలు వచ్చాక ఆ అభ్యంతరానికి పదును తగ్గింది. అర్థవంతమైన యాదృచ్ఛికతను గురించి 1952లో మనస్తత్వవేత్త యుంగ్ చేసిన ప్రతిపాదనను నమ్మేవారికి, పాచిక చేతిలోంచి పడినా ప్రకృతిలోని రొదలోంచి పడినా తేడా లేదు.

అయితే ఆ రాజీ కుదిరింది పాచిక వేయడం వరకే. జర్మానిక్ తెగల గురించి సా.శ. 98లో రాసిన 'జెర్మానియా'లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ పాచిక వేయడం, ఫలితం చెప్పడం అనే ఈ రెండు పనులనూ విడివిడిగానే వర్ణించాడు: పండ్ల చెట్టు కొమ్మను ముక్కలు చేసి, గుర్తులు పెట్టి, తెల్లని వస్త్రం మీద చల్లడం ఒకటి, పూజారి గానీ ఇంటి పెద్ద గానీ ఆకాశం వంక చూసి, మూడు ముక్కలు ఎత్తి అర్థం చెప్పడం మరొకటి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక యంత్రం చేతికి వెళ్లింది ఈ రెండోదే.

దగ్గరలో ఫలితం చెప్పేవారు లేని ఒంటరి సాధకులకు ఇది ఆసరా అనీ, కృత్రిమ మేధ మోడల్ పదాలను ఎంచుకోవడంలోనూ యాదృచ్ఛికత ఉందనీ సమర్థకులు అంటున్నారు. వ్యతిరేకుల వాదన ఇంతకన్నా లోతైనది. ఎదుటివారి ముఖం చూసి ఆగడం, ప్రశ్న సరిగా లేదని తిప్పి అడగడం, ఏమీ తోచనప్పుడు ఊరుకోవడం ఈ విద్యలో భాగమనీ, మనుషులు రాసిన వాక్యాల నుంచి నేర్చుకుని అడిగినవారికి నచ్చేలా మలచబడిన మోడల్ ఏ కార్డు పడినా అంతే సాఫీగా మాట్లాడుతుందనీ వారు చెబుతున్నారు. టాసిటస్ వర్ణనలో దీనికి నేరుగా తగిలే నియమం ఒకటుంది: పాచికలు వద్దంటే ఆ విషయంపై ఆ రోజుకు మళ్లీ అడగరు, సరేనన్నా పక్షుల శకునం వంటి మరో నిదర్శనం కోసం చూస్తారు. తెర ముందు కూర్చున్నవారు అదే ప్రశ్నను పదోసారి వేసినా మోడల్ మరో జవాబు ఇస్తుంది.